పొగడ చెట్టు మెడదాకా నేను పోసిన మట్టి

నేను మూర్ఖుణ్ణని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అదైనా నా అంతట నేను ఒప్పుకోలేదు. డెబ్బై దాటిన ఒక ఆవిడ నన్ను తన ఇంటి వాకిట్లో నిలబెట్టి, రుజువు చేతిలో పెట్టి ఒప్పించింది.

నా వృత్తి చెట్లకు వైద్యం. సింగపూర్‌లో ముప్పై ఏళ్ళు చేశాను. మొదట్లో నడుముకు తాడు కట్టుకుని కొమ్మలెక్కేవాణ్ణి. తర్వాత పరీక్ష రాసి, నేల మీద నిలబడి సలహాలు చెప్పే హోదా సంపాదించాను. ఈ ఉద్యోగంలో పైకి రావడమంటే కిందికి దిగడమే. వచ్చిన కొత్తలో మా మేనమామ ఫోన్ చేసి, "అక్కడ ఏం పన్రా?" అని అడిగాడు. "చెట్లెక్కడం మావయ్యా" అన్నాను. "ఆ మాత్రం దానికి విమానం ఎందుకురా, కోనసీమలో చెట్లు గొడ్డుపోయాయా?" అన్నాడు. ఇప్పటికీ ఆ ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు లేదు.

ఈమధ్య మన కుర్రాళ్ళు కొందరు ఈ పనిలో చేరుతున్నారు. బూన్ లేలో మా ఫ్లాట్ కింద కాఫీ తాగుతూ, "అంకుల్, ఈ లైన్‌లో ఎదగాలంటే ఏం చెయ్యాలి?" అని అడుగుతారు. పరీక్షలో ఏమడుగుతారో, జీతం ఎప్పుడు పెరుగుతుందో నాకంటే వాళ్ళ ఫోన్లకే బాగా తెలుసు. నాకు తెలిసింది వేరు. అంటే చెట్టు వేరు. అందుకని ఒక చెట్టుకు నేను చేసిన అపకారం, అది బయటపడ్డ రోజు నాకు తగిలిన దెబ్బ, ఆ తర్వాత నేను పడ్డ పాట్లు రాస్తున్నాను. ఇంతకన్నా పనికొచ్చేది నా సర్వీసులో ఇంకేమీ లేదు.

కొబ్బరి ప్రేమ

కొబ్బరి తోటల్లో పుట్టినవాడికి చెట్టు మీద ప్రేమ చూపించే పద్ధతి ఒకటే తెలుసు: మొదట్లో మట్టి ఎగదోయడం. కొబ్బరికీ అరటికీ ఒండ్రు మట్టి తెచ్చి మొదలు చుట్టూ పోస్తాం. వాటికి అది మేలే. కొబ్బరి మొదట్లోంచి ఎప్పటికప్పుడు కొత్త వేళ్ళు పుట్టుకొస్తాయి. మట్టి పోస్తే వాటికి పరుపు వేసినట్టు.

మామిడి, పొగడ లాంటి చెట్ల సంగతి అది కాదు. వాటి మాను నేలలోకి దిగేచోట వెడల్పై, అక్కణ్ణుంచి వేళ్ళుగా విడిపోతుంది. పుస్తకాల్లో దానికేం పేరున్నా నేను మెడ అంటాను. ఆ మెడకు గాలి తగలాలి. దాని మీద తడి మట్టి పోస్తే బెరడు నాని కుళ్ళుతుంది, కింద ఉన్న పాత వేళ్ళకు ఊపిరాడదు. అయినా చెట్టు వెంటనే చావదు. అదే అసలు ఘోరం. పదేళ్ళు తీసుకుంటుంది, పదిహేను తీసుకుంటుంది. అప్పటికి మట్టి పోసినవాడు మెచ్చుకోళ్ళు మూటగట్టుకుని ఎక్కడో ఉంటాడు.

అప్పట్లో నాకు ఈ తేడా తెలియదు. కంపెనీలో చేరిన రెండో ఏడు ఒక ఇంటి మామిడికి మా ఊరి పద్ధతిలో మోకాలెత్తున నల్లమట్టి పోసి, చుట్టూ ఎర్ర ఇటుకలతో గుండ్రంగా గోడ కట్టి, పైన ఫెర్న్ మొక్కలు పెట్టాను. మా బాస్ వచ్చి చూశాడు. ఆయన పేరు కో. ఒక్క లారీతో కంపెనీ మొదలుపెట్టిన మనిషి. చెడ్డవాడని మాత్రం అనను. నాకు జ్వరమొస్తే హాకర్ సెంటర్ అనే తిండి అంగళ్ళ నుంచి గంజి తెచ్చి, తాగిందాకా పక్కన కూర్చున్నాడు. కాకపోతే ఆయన చెట్టును చూసేటప్పుడు దాని వెనక నిలబడ్డ గిరాకీని చూస్తాడు.

"మూర్తీ, చాలా బాగుంది లా! ఇకమీద ప్రతి ఇంటికీ ఇదే" అన్నాడు. ఆయన మాట్లాడేది ఇక్కడి ఇంగ్లీషు. నేను తెలుగులోకి దించుతున్నాను గానీ ఆ 'లా' మాత్రం దిగనంటోంది.

అలా ఇల్లిల్లూ తిరిగి చెట్లకు ఎత్తుపాదులు కట్టాను. ఎన్ని కట్టానో లెక్కపెట్టలేదు, ఇప్పుడు పెట్టే ధైర్యమూ లేదు. పాదు చేస్తున్నాననుకున్నాను, పాడు చేస్తున్నాను. చాలా ఏళ్ళకు పరీక్ష కోసం చదువుతుంటే ఒక పేజీలో అచ్చం నా పాదు లాంటి బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. పుస్తకం మూసేశాను. మర్నాటి నుంచి ఎత్తుపాదులు కట్టడం మానేశాను. బాస్‌కు చెబితే, "సరే, వేరే డిజైన్ చూద్దాం లే" అన్నాడు. ఎందుకని అడగలేదు. ఆయన అడగనందుకు నేను ఆశ్చర్యపోనూ లేదు.

తమ్ముళ్ళూ, నేను చేసిన మొదటి తప్పు తెలియక చేసింది. దాన్ని క్షమించవచ్చు. రెండోది తెలిసి చేసింది. అంతకుముందు కట్టిన ఇళ్ళకు నేను తిరిగి వెళ్ళలేదు. వెళితే ఏమని చెప్పాలి? "అమ్మా, మీ చెట్టుకు నేను ఉరి బిగించాను, విప్పడానికి వచ్చాను" అని చెప్పడానికి నోరు రాలేదు. మరిచిపోయాను. మరిచిపోవాలనుకుంటే మనిషి ఏదైనా మరిచిపోగలడు. చెట్టుకు ఆ సౌకర్యం లేదు.

కమలమ్మ ఆంటీ వాకిలి

ఉద్యోగంలో నా చివరి ఏడాది. మార్చిలో ఆఫీసుకు ఒక ఫోన్ వచ్చింది, తెలుగు మాట్లాడే మనిషి కావాలని. నాకిచ్చారు.

"తంబీ, నా పొగడ ఈ ఏడు పూయలేదు. మకాన్ అయినాక ఒకసారి వచ్చి చూడప్పా."

ఆవిడ కమలమ్మ. ముత్తాతల నాడు విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. ఆవిడ తెలుగులో తమిళం, మలయ్ భాష కలిసిపోయి కూరలో ఉప్పూ కారంలా ఉంటాయి, ఏరడం కుదరదు. మకాన్ అంటే మలయ్‌లో భోజనం. భర్త తంజోంగ్ పగార్ రేవులో గుమాస్తాగా చేసి పోయారు. సిరంగూన్ వైపు ఒంటి అంతస్తు పాత ఇల్లు, ముందు వాకిలి, వాకిట్లో పొగడ.

పొగడ పూలు తెల్లవారుజామున రాలతాయి. బియ్యపు రంగు చిన్న నక్షత్రాలు. ఎండినా వాసన పోదు. ఆ పూల కోసం పొద్దున్నే అటుపక్కింటి చైనా తాతగారు, ఇటుపక్కింటి మలయ్ ఆవిడ, ఎదురింటి తమిళ టీచరు వచ్చేవారట. ఎవరు ఏ మూల ఏరుకోవాలో పోటీ. తాతగారైతే ముందుగానే వచ్చి, హాకర్ సెంటర్‌లో బల్ల ఆపుకున్నట్టు, నేలమీద టిష్యూ ప్యాకెట్ పెట్టి తన చోటు చోప్ చేసుకునేవాడట, అంటే ముందే పట్టేసుకోవడం. పూలు ఏరాక అందరికీ కమలమ్మ ఆంటీ కోపి, అంటే ఇక్కడి కాఫీ.

"పువ్వు ఆగిపోయె, మనుషులూ ఆగిపోయిరి" అంది ఆంటీ. "మోకాళ్ళు పోయినాయి, నేను గేటు దాటి ఎక్కడికి పోతాను తంబీ? లోకమే నా వాకిట్లోకి వచ్చేది. ఇప్పుడు టీవీ చూస్తున్నా."

నేను పైకి చూశాను. చిటారు కొమ్మలు చేప ముళ్ళలా నిలబడి ఉన్నాయి. ఉన్న ఆకులు చెట్టుకు చాలని చొక్కా తొడిగినట్టు చిన్నవైపోయాయి. చెక్క సుత్తితో మాను కొట్టి చూస్తే మూడు వైపులా గట్టిగా పలికింది, ఇంటి వైపు డొల్లగా పలికింది.

ఆంటీ కూతురు శాంతి కారు తాళాలు చేతిలో పట్టుకుని నిలబడింది. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం, తల్లితోనే ఉంటుంది. "అంకుల్, మమ్మీకి మీరే చెప్పండి లా. ఇది పడితే ఎలా? పొద్దున్నే దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. నా కారు పోతే పోనీ, ఇన్సూరెన్స్ ఉంది. మమ్మీకి ఇన్సూరెన్స్ ఏముంది?"

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో తప్పులేదు. చెట్టును ప్రేమించేవాళ్ళు మంచివాళ్ళు, నరకమనేవాళ్ళు చెడ్డవాళ్ళు అనుకునే రోగం మన వృత్తిలో ఉంది. తగ్గించుకోండి.

తిట్టినవాడు, తిట్లు తిన్నవాడు

అప్పుడు కిందికి చూశాను. ముందే చూసి ఉండాల్సింది. పైకి చూడటం ముప్పై ఏళ్ళ అలవాటు, కిందికి చూడటానికి నడుము వంచాలి. మాను చుట్టూ నాచు పట్టిన ఇటుకల గోడ, లోపల మోకాలెత్తు మట్టి, పైన దట్టంగా ఫెర్న్ మొక్కలు. మాను ఏ వంపూ లేకుండా కరెంటు స్తంభంలా నిట్టనిలువుగా మట్టిలోకి దిగిపోయి ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవడమ్మా ఈ పని చేసింది?"

"ఏమైంది తంబీ?"

"చెట్టుకు సమాధి కట్టి పైన పూలకుండీ పెట్టాడు! వాడి చేతికి పార ఎవరిచ్చారు? మొక్కకీ మానుకీ తేడా తెలియని గాడిద ఎవడు?"

"అంత మోసమా?"

"మోసమా ఆంటీ! మొదటికే మోసం. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటోంది మీ చెట్టు. చూడ్డానికి అందంగా ఉంటే చాలనుకునే రకం. ఇలాంటివాళ్ళకు లైసెన్సు కాదు, లంఖణాలు ఇవ్వాలి."

"వాడు కనపడితే ఏం చేస్తావప్పా?"

"మెడదాకా పాతిపెట్టి, రోజూ రెండు పూటలా నీళ్ళు పోస్తాను."

శాంతి నవ్వాపుకోవడానికి కారు వైపు తిరిగింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆంటీ మెల్లగా లోపలికి వెళ్ళి, ఒక చేత్తో కోపి, ఇంకో చేత్తో మడతపెట్టిన కాగితం పట్టుకుని వచ్చింది. మా కంపెనీ పాత కరపత్రం. విప్పాను. కొత్త ఇటుకల గోడ మీద ఒక కాలు పెట్టి, పొగడ మానును భుజం మీద చెయ్యేసి కౌగిలించుకున్నట్టు పట్టుకుని, దట్టమైన మీసంతో ఒక మనిషి పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు.

"కోపి తాగు తంబీ. నువ్వు తిట్టిన అబ్బాయి ఇతనే. మీసం బాగుంది, ఎందుకు తీసేశావు?"

దిగ్భ్రమకు మన భాషలో రెండు మంచి మాటలున్నాయి: కొయ్యబారడం, మ్రాన్పడటం. రెండిట్లోనూ చెట్టే. అవి పుట్టించినవాడు నాలాగే ఏదో ఒక వాకిట్లో నిలబడి ఉంటాడు. కోపి కప్పు చేతిలో ఉంది, తాగాలన్న సంగతి గుర్తు రావడం లేదు. గేటు మారింది, ఇంటికి రంగు మారింది, పదహారేళ్ళు గడిచాయి. అవన్నీ సాకులు. నా చేతి పనిని నా కళ్ళు గుర్తుపట్టలేదు. అంతకంటే దారుణం, ఒక్క నిమిషం ముందు నేను ఎంత ధర్మకోపంతో ఊగిపోయాను!

"గేటు దగ్గరే గుర్తుపట్టాను" అంది ఆంటీ. "నువ్వు గుర్తుపడతావేమో చూద్దామని ఊరుకున్నా. ఆపావేం? బాగా తిడుతున్నావు కదా."

"ఆంటీ..." అన్నాను.

"ఆ పొద్దు నువ్వు మట్టి పోస్తుంటే, ఇంకొంచెం పొయ్యి తంబీ, ఇంకొంచెం పొయ్యి అని వెంటపడింది నేనే. గాడిద బిరుదులో సగం నాకియ్యి. ఇప్పుడు ఏం చేద్దామో చెప్పు."

శాంతి గడువు పెట్టింది. డిసెంబరులో వానలు, గాలులు ముదిరేలోపు కొత్త చిగురు కనపడాలి. లేకపోతే చెట్టు కొట్టేస్తారు. ఆంటీ కూడా ఎదురు చెప్పకుండా తలూపింది. కూతురి భయం ఆవిడకూ తెలుసు.

"వయసు మీద పడిందని రాయి"

ఆఫీసుకు వెళ్ళి బాస్ ముందు కూర్చున్నాను. ఆయన చికెన్ రైస్ తింటున్నాడు. అంతా చెప్పాను.

"వయసు మీద పడిందని రాయి" అన్నాడు. "సహజంగా క్షీణిస్తోంది, తొలగించడం మేలు అని రాయి. మనమే కొట్టి, మనమే కొత్తది నాటుదాం."

"బాస్, దానికి పట్టింది వయసు కాదు, మన మట్టి."

"తెలుసు లా."

"ఏం తెలుసు?"

"అప్పుడు మనకు శిక్షణ ఇవ్వడానికి ఒకాయన వచ్చాడు చూడు, పొడుగాటి మనిషి. మానుకు మట్టి ఆనితే మంచిది కాదని భోజనాల దగ్గర నాతో అన్నాడు."

ఆ శిక్షకుడు వచ్చింది నేను పరీక్ష రాయడానికి మూడేళ్ళ ముందు. కమలమ్మ ఆంటీ ఇంటి పాదు కట్టింది ఆయన వెళ్ళిపోయిన మరుసటి నెల.

"తెలిసి నన్ను ఆ ఇంటికి పంపించారా?"

ఆయన చెంచా కింద పెట్టాడు. కోపం లేదు, సిగ్గూ లేదు. నాకు లెక్కలు రావని జాలి పడుతున్నట్టు చూశాడు. "కస్టమర్లకు నచ్చింది, మూర్తీ. చూడ్డానికి బాగుంది లా. చెట్టు మర్నాడు పడుతుందా? పదిహేనేళ్ళు పడుతుంది. పదిహేనేళ్ళకు ఇల్లు అమ్ముకుంటారు, మనిషి పోతారు, ఎవరికి గుర్తుంటుంది?"

నేను దెబ్బ తిన్నది ఆయన చెడ్డతనానికి కాదు. జ్వరంలో నాకు గంజి పట్టిన మనిషే ఈ మాట అంటున్నాడు, అదే గొంతుతో. మా ఇద్దరిలో ఆయన తెలిసి చేయించాడు, నేను తెలిశాక దాక్కున్నాను. బల్లకు ఆ వైపు ఒకడు, ఈ వైపు ఒకడు. మధ్యలో చికెన్ రైస్.

నివేదికలో ఉన్నది ఉన్నట్టు రాశాను: క్షీణతకు కారణం మాను మీద పోసిన మట్టి, పోసింది మన కంపెనీ, చేసింది నేను. బాస్ సంతకం పెట్టలేదు. గాలి ఒత్తిడితో మట్టిని ఊదేసే యంత్రం ఒకటి మా దగ్గర ఉంది, వేళ్ళకు గాయం కాకుండా గంటల్లో పని అవుతుంది. ఇవ్వమన్నాను. "వేరే సైట్‌లో ఉంది" అన్నాడు. అది ఆయన వెనకే, గోడకు ఆనించి ఉంది. నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు, అరవనూ లేదు. పొద్దున పూట నాకు కూడా కోపి తెచ్చేవాడు, అది మానేశాడు. రిటైరయ్యే దాకా నా కోపి నేనే కొనుక్కున్నాను.

ఈ పనిలో చేరేవాళ్ళకు ఒక మాట. మనం చేసే తప్పుకు శిక్ష పదిహేనేళ్ళ తర్వాత పడుతుంది, అదీ చెట్టుకు. అందుకే ఈ వృత్తిలో నిజాయితీ అంత కష్టం. డాక్టరు తప్పుచేస్తే రోగి మూలుగుతాడు. మన రోగి నీడ ఇస్తూనే ఉంటుంది.

చెంచాతో వైద్యం

నా ఆదివారాలు ఆంటీ వాకిట్లోకి మారాయి. జూన్‌లో రిటైరయ్యాక మిగతా రోజులు కూడా. ఇటుకలు ఒక్కొక్కటీ ఊడదీశాను. పైమట్టికి పార వాడాను. మాను దగ్గరికి వచ్చేసరికి వెదురు పుల్ల, పెయింట్ బ్రష్, ఆంటీ వంటింట్లోంచి ఒక చెక్క చెంచా. మోకాళ్ళ మీద కూర్చుని, పంటి డాక్టరులా.

మూడో ఆదివారం చెంచాకు గట్టిగా ఏదో తగిలింది. బ్రష్‌తో తుడిచాను. నా మణికట్టంత లావు వేరు. మానును ఆనుకుని అడ్డంగా పోతోంది. దాని వెంట తుడుచుకుంటూ పోయాను, ఎటు పోతుందో చూద్దామని. అది ఎటూ పోలేదు. చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. ఊపిరాడక కింది వేళ్ళు పైకి ఎగబాకి, నేను పోసిన మెత్తటి మట్టిలో పెరిగి, పెరిగే చోటు చాలక మాను చుట్టూ చుట్టుకుని, బెరడులోకి దిగబడిపోయాయి. చెట్టు తన వేరుతో తన మెడకే ఉరి వేసుకుంది. తాడు నేనిచ్చాను.

వెనక్కి జరిగి నేలమీద కూలబడ్డాను. ముప్పై ఏళ్ళలో పిడుగు పడ్డ చెట్లను చూశాను, లారీ గుద్దిన చెట్లను చూశాను. వాటిలో ఏదీ నా చేతి పని కాదు.

"ఏమప్పా, పామా?" అంది ఆంటీ కుర్చీలోంచి.

"పామైతే బాగుండు ఆంటీ."

కోసేయాలని చెయ్యి తహతహలాడింది. ఆగాను. ఉరితాడే అయినా ఆ వేరే ఇప్పుడు చెట్టుకు సగం నీళ్ళు పోస్తోంది. ఒక్కసారే కోస్తే ఉరి తప్పుతుంది, దాహంతో చస్తుంది. ఉలితో కొంచెం కోసి, రెండు వారాలు ఆగి, ఇంకొంచెం కోసి, అలా నాలుగు విడతల్లో తీశాను. తొందరపడి చేసిన తప్పును తొందరపడి దిద్దకూడదు.

చైనా తాతగారు ఎరువు సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. వద్దని చెప్పేసరికి నొచ్చుకున్నాడు. ఆయాసంతో రొప్పుతున్నవాడి నోట్లో బిర్యానీ కుక్కుతామా? ఎండిన కొమ్మలు తీశాను, దూరంగా పలచగా ఆకుచెత్త పరిచాను, మెడను గాలికి వదిలేశాను. అంతే.

ఆగస్టులో ఉన్న ఆకులు కూడా రాలడం మొదలైంది. శాంతి కారును వీధిలోకి మార్చింది. ఒకరోజు పనికి వెళ్తూ నా పక్కన నిలబడి, "అంకుల్, నిజం చెప్పండి. బతుకుతుందా?" అంది. తెలియదన్నాను. ముప్పై ఏళ్ళ వృత్తిలో నా నోటివెంట అంత నిజాయితీగా వచ్చిన మాట అదే. ఆ అమ్మాయి కాసేపు మానును చూసింది. "మమ్మీ నిన్నటి నుంచి లోపలే కూర్చుంటోంది. చూడలేనంటోంది" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ పూట నేను చెంచా ముట్టుకోలేదు.

అక్టోబరు చివర ఫోన్. "తంబీ, రా."

"ఏమైంది ఆంటీ?"

"నేను చెప్పను. వచ్చి చూడు."

బూన్ లే నుంచి ఆ చివరికి ట్రైన్‌లో గంట. గంట సేపూ కూలిన చెట్టే కళ్ళముందు. వెళ్ళేసరికి ఆంటీ మోకాళ్ళ నొప్పులతోనే చెట్టు కింద నిలబడి, వేలు పైకెత్తి చూపిస్తోంది. రెండో కొమ్మ మలుపులో, ముదురు బెరడులోంచి వడ్లగింజంత పచ్చటి మొన. దానికి జానెడు పక్కన ఇంకొకటి. నేను పొగడ చెట్టును అంతకుముందు చాలాసార్లు పొగిడాను. ఆ రోజు దండం పెట్టాను.

శాంతి సాయంత్రం వచ్చి, తల ఎత్తి చూసి, "ఓకే లా. ఇంకో ఏడాది" అంది. ఇంటి వైపు డొల్ల భాగం ఇక కోలుకోలేదు, ఆ వైపు కొమ్మలు పూర్తిగా తీసేశాం. చెట్టు సగమైంది. సగమే బతికింది. మీకు ఎవరైనా పూర్తిగా కాపాడానని చెబితే కొంచెం అనుమానించండి.

మోకాళ్ళ మీద

మరుసటి ఏడు ఆ సగం పూసింది. గేటు బయట మళ్ళీ చెప్పుల చప్పుడు. అయితే ఒక పని మిగిలిపోయింది. ఇంటి గోడకూ మానుకూ మధ్య ఇరుకు సందులో మట్టి ఇంకా బెరడును పట్టుకునే ఉంది. వేరు తీసేటప్పుడు అక్కడ పక్కనుంచి చెయ్యి చాపి అందినంతే తవ్వాను, నా బొజ్జ అక్కడ పట్టదు. ఒక పొద్దున ఆ సందులోకి ఎలా దూరాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. గేటు దగ్గర కారు ఆగింది.

బాస్ దిగాడు. సన్నటి ఒంటి మీద ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా, లేత రంగు ప్యాంటు. వెంట ఒకావిడ, పెద్ద కాండోమినియంకు మేనేజరట. అక్కడ పాత చెట్లు చాలా ఉన్నాయట.

"మేడమ్, ఇదే నేను చెప్పిన చెట్టు" అన్నాడు చెయ్యి చాపి. "చచ్చిపోతున్న చెట్టు. మా కంపెనీ బతికించింది."

ఆంటీ నా వైపు చూసింది. నేను ఆంటీ వైపు చూశాను. యంత్రం గోడకు ఆనించి ఉన్న రోజు, సంతకం లేని నివేదిక, కొనుక్కుని తాగిన కోపీలు, అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. అరవొచ్చు. అరవడానికి నాకు హక్కు తక్కువ. ఆ మట్టిలో నా చెయ్యీ ఉంది.

"మూర్తీ, మేడమ్‌కు ఎలా చేస్తామో చూపించు."

లేచి, చేతులు తుడుచుకుని, చెక్క చెంచా రెండు చేతులతో ఆయనకు అందించాను. "నేను రిటైరైనవాణ్ణి బాస్. కంపెనీ పని కంపెనీయే చూపించాలి. మేడమ్, ఈ విద్య నాకు తెలియక ముందే ఈయనకు తెలుసు. మీ అదృష్టం, స్వయంగా చూపిస్తారు. ఇదిగో, ఈ సందులో కొంచెం మిగిలింది. సన్నగా ఉన్నవాళ్ళే పడతారు."

"ఓ, నిజంగానా? మీరే చేస్తారా?" ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఫోన్ తీసి నోట్సు రాసుకోవడానికి సిద్ధమైంది.

బాస్ చెంచా చూశాడు. ఆవిణ్ణి చూశాడు. ప్యాంటు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా ఎర్రమట్టిలో మోకాళ్ళూని, పక్కకి తిరిగి ఆ సందులోకి దూరాడు.

"టౌకే, మెల్లగా" అంది కమలమ్మ ఆంటీ, ఇక్కడ యజమానిని పిలిచినట్టే పిలిచి, కుర్చీ దగ్గరికి లాక్కుని. "బెరడుకు దెబ్బ తగలకూడదు. ఇంత గట్టిగా కాదప్పా, బిడ్డకు అన్నం పెట్టినట్టు."

అరగంట గడిచింది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మేడమ్ వంగి చూసి, "మానును ఇలా కప్పేసి ఇంత మట్టి ఎవరు పోశారు?" అని అడిగింది.

చెంచా ఆగింది. ఆంటీ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం నాకు చాలా కష్టమైన పని, ఆ రోజు శ్రద్ధగా చేశాను.

"మేమే" అంది బాస్ గొంతు. "నేను పొయ్యమన్నాను. అతను పోశాడు."

మేడమ్ ఫోన్ పక్కన పెట్టి, మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. చెంచా మళ్ళీ కదిలింది, ఈసారి ఇంకా నెమ్మదిగా. కాసేపటికి మట్టి అంటిన ముఖం ఒకటి సందులోంచి బయటికి వచ్చి, నాకు మాత్రమే వినపడేలా, "మూర్తీ, ఇంకా ఎంతసేపు?" అంది.

"బెరడు కనపడేదాకా, బాస్" అని, ఆంటీ నాకోసం పోసిన కోపి తీసుకుని నీడలోకి జరిగి కూర్చున్నాను.